ఉపమా, రూపకమా, ఉత్ప్రేక్షా? గుర్తుపదాన్ని నమ్మకుండా అలంకారాన్ని పట్టుకోవడం ఎలా?

కొత్తకలం:
అందరికీ నమస్కారం. అలంకారాల్లో మొదటి మెట్టు దగ్గరే సందేహం వచ్చింది. ఈ మూడు వాక్యాలు చూడండి.

మబ్బు ఏనుగులా కదులుతోంది.
వర్షం పడేలా ఉంది.
ఎవరో తోమిపెట్టినట్లు ఆకాశం మెరుస్తోంది.

"వలె, లాగా, అట్లు వంటి మాటలుంటే ఉపమ" అని చదివాను. ఆ లెక్కన మూడూ ఉపమలే కావాలి. కానీ మూడూ ఒకటే పని చేస్తున్నట్టు అనిపించడం లేదు. తేడా ఎక్కడుంది?

అన్వయం:
మొదటిది ఉపమ. రెండోదానిలో అలంకారమే లేదు. మూడోది ఉత్ప్రేక్ష.

'లా', 'లాగా', 'అట్లు' తెలుగులో చాలా పనులు చేస్తాయి, వాటిలో పోలిక ఒకటి. 'వర్షం పడేలా ఉంది' అన్నది మబ్బును చూసి వేసిన అంచనా. 'అందరికీ వినిపించేలా చదువు' అంటే కావలసిన ఫలితం చెబుతున్నాం. 'నేను చెప్పినట్లు చెయ్యి'లో ఉన్నది పద్ధతి. 'అతను వచ్చినట్లు తెలిసింది' అంటే సమాచారం. వీటిలో ఎక్కడా ఒక వస్తువును మరో వస్తువు పక్కన నిలబెట్టడం లేదు. అందుకే గుర్తుపదం కనిపించగానే పేరు పెట్టకండి. ముందు రెండు వస్తువులున్నాయో లేదో వెతకండి.

ఉపమకు నాలుగు అంగాలు. మొదటి వాక్యంలో మబ్బు ఉపమేయం (మనం దేన్ని గురించి చెబుతున్నామో అది), ఏనుగు ఉపమానం, కదలడం సమానధర్మం, 'లా' ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. ఒకటో రెండో మూడో లోపిస్తే లుప్తోపమ. 'మబ్బు ఏనుగులా ఉంది' అంటే సమానధర్మం లోపించింది. నలుపా, బరువా, నడకా అన్నది చదివేవాళ్లు ఊహించుకోవాలి. 'తేనెమాట' అంటే వాచకం, ధర్మం రెండూ లోపించాయి.

తేటగీతి:
అన్వయం గారు చెప్పినదానికి ఒక షరతు కలపాలి. రెండు వస్తువులున్నా, వాచకం ఉన్నా ఉపమ కాకపోవచ్చు. 'గవయం (ఒక అడవి జంతువు) ఆవులా ఉంటుంది' అనేది శాస్త్రంలో ఎప్పటినుంచో చెబుతున్న ప్రత్యుదాహరణ. అక్కడ జంతువును గుర్తుపట్టడానికి ఆనవాలు ఇచ్చారు, అంతే. 'నీ చొక్కాలాంటిదే నాకూ ఉంది' అన్నా అంతే. పోలికలో చమత్కారం ఉండాలి. చంద్రాలోకం అనే అలంకార గ్రంథం ఉపమ లక్షణంలో 'సాదృశ్యలక్ష్మి' అని ప్రత్యేకంగా అన్నది అందుకే. వట్టి సాదృశ్యం చాలదు, దానికి శోభ ఉండాలి.

వాడుకలో దీన్ని ఇలా పరీక్షించండి: పోలిక తీసేస్తే పోయేది సమాచారమా, అనుభూతా? సమాచారం మాత్రమే పోతే అది వర్ణన.

నిఘంటుప్రియ:
కొత్తకలం గారూ, మీ మూడో వాక్యం దగ్గర కాస్త ఆగుదాం. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు.

ఈ వాదం కొత్తది కాదు. 'లింపతీవ తమోంగాని వర్షతీవాంజనం నభః' అని ఒక ప్రసిద్ధ శ్లోకపాదం ఉంది. చీకటి ఒళ్లంతా పూస్తున్నట్లుంది, ఆకాశం కాటుక కురుస్తున్నట్లుంది అని అర్థం. అందులో 'ఇవ' (సంస్కృతంలో 'వలె') ఉంది కాబట్టి ఉపమే అని కొందరు అన్నారు. దండి కావ్యాదర్శంలో దాన్ని ఖండించాడు. 'లింపతి' అనేది క్రియ, క్రియాపదం ఉపమానం కాలేదు కాబట్టి అది ఉత్ప్రేక్షే అని తేల్చాడు. ఉత్ప్రేక్షను సూచించే మాటల్లో మన్యే, శంకే, ధ్రువం, ప్రాయః, నూనం అన్నవాటితోపాటు 'ఇవ'ను కూడా చేర్చాడు.

తెలుగుకు ఇది చక్కగా పనికొస్తుంది. నామవాచకం మీద 'లా' వస్తే (ఏనుగులా, పాములా) ముందు ఉపమ అనుకోండి. క్రియ మీద 'నట్లు' వస్తే (తోమిపెట్టినట్లు, పూసినట్లు) ముందు ఉత్ప్రేక్ష అనుకోండి. 'కాబోలు', 'ఏమో', 'అనిపిస్తోంది', 'అన్నట్లు' ఉంటే ఉత్ప్రేక్షకు ఇంకా బలం.

ఛందోగామి:
నిఘంటుప్రియ గారి సూత్రానికి మినహాయింపు ఉంది. 'తల్లి బిడ్డను పట్టుకున్నట్లు కొమ్మ పిట్టగూటిని పట్టుకుంది.' ఇక్కడ 'నట్లు' క్రియ మీదే ఉంది. అయినా ఇది ఉపమే. ఒక వాక్యార్థాన్ని ఇంకో వాక్యార్థంతో పోల్చారు.

నిఘంటుప్రియ:
నిజమే. అందుకే 'ముందు అనుకోండి' అన్నాను. రెండో అడుగు ఇది: పోల్చిన పని లోకంలో ఎక్కడైనా విడిగా జరుగుతుందా? తల్లి బిడ్డను పట్టుకోవడం జరుగుతుంది. దానికి కర్త వేరు, కర్మ వేరు. కొమ్మ, గూడు వేరే జత. రెండు జతలు ఎదురెదురుగా నిలబడ్డాయి, కాబట్టి ఉపమ. ఆకాశాన్ని తోమడం ఎక్కడా జరగదు. అది ఆకాశం మీదే కల్పించిన పని. ఉన్నదాంతో పోలిస్తే ఉపమ, లేనిదాన్ని ఊహించి మీద పెడితే ఉత్ప్రేక్ష.

ఊహించింది ఏమిటన్నదాన్ని బట్టి ఉత్ప్రేక్ష మూడు విధాలు. వస్తువును ఊహిస్తే వస్తూత్ప్రేక్ష. కారణం కానిదాన్ని కారణంగా ఊహిస్తే హేతూత్ప్రేక్ష: 'ఆమె నవ్వుకు సిగ్గుపడ్డట్లు చంద్రుడు మబ్బుచాటుకు వెళ్లాడు.' ప్రయోజనం కానిదాన్ని ప్రయోజనంగా ఊహిస్తే ఫలోత్ప్రేక్ష: 'ఆకాశాన్ని అందుకోవాలనేమో ఆ తీగ పైపైకి పాకుతోంది.' తీగ పాకడం నిజం. ఎందుకు పాకుతోందన్నదే కల్పన.

పదచిత్రం:
నిర్వచనాలు ఎన్ని చదివినా ఒకే జతను అన్ని అలంకారాల్లోకి తిప్పి చూస్తేనే తేడా చేతికి అందుతుంది. అప్పయ్య దీక్షితులు చిత్రమీమాంసలో ఉపమను ఒక నటిగా చెప్పాడు. ఆ ఒక్క నటే రకరకాల వేషాలు కట్టి కావ్యమనే రంగస్థలం మీద నర్తిస్తూ రసజ్ఞుల మనసు రంజింపజేస్తుందట. కొండదారి, పాము అన్న జతతో ఆ వేషాలు చూద్దాం.

కొండదారి పాములా మెలికలు తిరిగింది. (ఉపమ)
ఆ దారి మెలికలు తిరిగిన పాము. (రూపకం)
ఆ దారి కొండను చుట్టుకుని నిద్రపోతున్న పామేమో అనిపిస్తోంది. (ఉత్ప్రేక్ష)
అది దారా, పామా? (సందేహం)
పైనుంచి చూసిన గద్ద ఆ దారిని పామనుకుని కిందికి దూకింది. (భ్రాంతిమంతం)
అది దారి కాదు, పాము. (అపహ్నుతి)
ఆ పాము కొండదారిలా మెలికలు తిరిగింది. (ప్రతీపం)
పామైనా ఎక్కడో ఒకచోట తిన్నగా సాగుతుంది, ఈ దారికి ఆ గుణమే లేదు. (వ్యతిరేకం)
పామును చూడగానే ఆ కొండదారి గుర్తొచ్చింది. (స్మరణం)
ఆ దారికి సాటి ఆ దారే. (అనన్వయం)
కొండను ఒక పాము చుట్టుకుని ఉంది, దాని వీపు మీద లారీలు పాకుతున్నాయి. (రూపకాతిశయోక్తి)

చివరిదానిలో దారి పేరే లేదని గమనించండి. ఉపమానం ఉపమేయాన్ని పూర్తిగా మింగేసింది. లారీలు అన్న ఒక్క మాట లేకపోతే పాఠకుడు నిజమైన పామే అనుకుంటాడు. ఈ అలంకారం రాసేటప్పుడు ఉపమేయాన్ని గుర్తుపట్టే ఆనవాలు ఒకటి తప్పకుండా వదలాలి. పొడుపుకథలు నడిచేది ఈ పద్ధతి మీదే.

సందేహానికీ భ్రాంతికీ తేడా కూడా ఇక్కడే కనిపిస్తుంది. సందేహంలో మనసు రెంటి మధ్య ఊగుతుంది. భ్రాంతిలో ఊగడం లేదు, గద్ద తీర్మానించుకుని దూకింది. ఉత్ప్రేక్షలో చెప్పేవాడికి అది దారేనని తెలుసు, తెలిసే ఊహిస్తున్నాడు.

కొత్తకలం:
ఇది నోట్సులో రాసుకున్నాను. ఇంకో చిక్కు. 'చరణకమలాలు' అంటే 'కమలాల వంటి చరణాలు' అని విప్పాలా, 'చరణాలనే కమలాలు' అని విప్పాలా? మొదటిదైతే ఉపమ, రెండోదైతే రూపకం కదా?

అన్వయం:
సమాసాన్ని ఒంటరిగా చూస్తే తేలదు. పక్కన ఉన్న క్రియనో విశేషణాన్నో అడగాలి, అది దేనికి అతుకుతుందో చూడాలి.

'చరణకమలాలకు మొక్కాడు.' మొక్కడం చరణాలకు సరిపోతుంది. అంటే వాక్యంలో చరణాలే ప్రధానం. కమలాల వంటి చరణాలు, ఉపమ. 'అందెలు ఘల్లుమనే చరణకమలాలు' అన్నా ఉపమే, కమలాలకు అందెలుండవు. 'ఆ అడుగుల చప్పుడుకు చరణకమలాలు రేకులు విప్పాయి' అంటే రేకులు విప్పడం కమలాల పని. అక్కడ చరణాలనే కమలాలు, రూపకం.

కొన్ని సమాసాలకు ఈ చిక్కు లేదు. విద్యాధనం, సంసారసాగరం, జ్ఞానజ్యోతి వంటివి రూపకాలుగా స్థిరపడ్డాయి. 'తేనెమాట', 'చిగురుకేలు' వంటివాటిలో ఉపమానం ముందుంది, అవి ఉపమలు.

ఛందోగామి:
రూపకంలో సావయవం, నిరవయవం అన్న తేడా రాసేవాళ్లకు బాగా పనికొస్తుంది. 'అతని కోపం నిప్పు' అని ఆగితే నిరవయవం. 'అతని కోపం నిప్పు, తమ్ముడి మాట దానికి గాలి, తల్లి మౌనం ఒక్కటే నీటిచుక్క' అంటే సావయవం. అవయవాలన్నీ ఒకే కుదురు నుంచి రావాలి. నిప్పుకు గాలి ఉంది, నీరు ఉంది, బూడిద ఉంది. మధ్యలో 'ఆ నిప్పు వేళ్లూనుకుంది' అంటే మొత్తం కూలిపోతుంది. నిప్పుకు వేళ్లు లేవు.

వాక్యవైద్యుడు:
ఛందోగామి గారు ఎత్తిన విషయం వచన రచనలో అన్నిటికన్నా పెద్ద జబ్బు. 'ఆశల విత్తనాలు నాటి, వాటి అలల మీద తేలుతూ, విజయ శిఖరాలను వెలిగించాడు.' ఒక్క వాక్యంలో పొలం, సముద్రం, కొండ, దీపం వచ్చేశాయి. ఒక్కో ముక్క విడిగా అరిగిపోయిన మాటే కాబట్టి రాసేవాడికి బొమ్మ కనిపించదు, చదివేవాడికి బొమ్మ నిలవదు.

సరిచేసే పద్ధతి: వాక్యంలో ఉపమానాలకు చెందిన మాటలన్నీ కింద గీత గీయండి. ప్రతి గీత పక్కన అది ఏ లోకానిదో (పొలం, నీరు, యుద్ధం, ఇల్లు) రాయండి. ఒక వాక్యంలో రెండు లోకాలు కనిపిస్తే ఒకటి ఉంచి మిగతావి మామూలు మాటల్లోకి మార్చండి. పేరాలో లోకం మారవచ్చు, కానీ మధ్యలో కనీసం ఒక మామూలు వాక్యం ఉండాలి.

పోలిక దోషాల జాబితా పాతవాళ్ల దగ్గరే ఉంది. మేధావి అనే ఆలంకారికుడు చెప్పినవిగా భామహుడు ఉపమకు ఏడు దోషాలు ఇచ్చాడు: హీనత, అసంభవం, లింగభేదం, వచనభేదం, విపర్యయం, ఉపమానాధిక్యం, అసదృశత. ఇవాళ్టి వచనంలో ఎక్కువ దెబ్బతీసేవి హీనత, ఆధిక్యం. చీమంత సంగతికి ప్రళయాన్ని తెచ్చినా, పెద్ద దుఃఖానికి అల్పమైన వస్తువును తెచ్చినా పాఠకుడికి నవ్వొస్తుంది. నవ్వించడమే ఉద్దేశమైతే అదే గుణం. లింగవచన భేదాల విషయంలో దండి ఉదారంగా ఉన్నాడు. తెలిసినవాళ్ల మనసుకు గుచ్చుకోకపోతే అవి దోషం కావన్నాడు. నా ఓటు దండికే.

తేటగీతి:
అతిశయోక్తి మీద ఒక మాట. 'గోరంతను కొండంత చేయడం' అన్న వివరణ సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నాకు అది చాలదనిపిస్తుంది. 'ఆ మేడలు ఆకాశాన్ని తాకుతున్నాయి' అన్నది అతిశయోక్తి. 'ఆ మేడలు ఆకాశాన్ని తాకుతున్నాయా అన్నట్లున్నాయి' అన్నది ఉత్ప్రేక్ష. పెంచి చెప్పడం రెండింటిలోనూ సమానమే. మొదటిదానిలో తీర్మానించి చెప్పారు, రెండోదానిలో ఊహగా చెప్పారు. ఆ తేడా గోరంత-కొండంత నిర్వచనంలో ఇమడదు.

నిఘంటుప్రియ:
ఒప్పుకుంటాను, కానీ మొదటిసారి నేర్చుకునేవాళ్లకు ఆ నిర్వచనం తలుపు తెరుస్తుంది. దాన్ని తీసేయాలని అనను. లోపలికి వచ్చాక కువలయానందం అనే అలంకార గ్రంథం చేసిన విభాగాలు చూడవచ్చు. అన్నిట్లోకీ కథలు రాసేవాళ్లకు పనికొచ్చేవి కార్యకారణాల క్రమాన్ని తారుమారు చేసేవి. కారణం, కార్యం ఒకేసారి జరిగినట్లు చెబితే అక్రమాతిశయోక్తి: 'బాణం వింటినీ, శత్రువు నేలనూ ఒకేసారి తాకాయి.' కారణం కన్నా ముందే కార్యం జరిగిపోయినట్లు చెబితే అత్యంతాతిశయోక్తి: 'విల్లు ఎక్కుపెట్టకముందే సేన పారిపోయింది.' వేగం చూపించాలంటే 'చాలా వేగంగా' అని రాయడం కన్నా ఈ తారుమారు ఎంతో బలంగా పనిచేస్తుంది.

తేటగీతి:
తలుపు తెరవడం సరే, చాలామంది ఆ గడప దగ్గరే ఆగిపోతున్నారన్నదే నా అభ్యంతరం. రూపకాతిశయోక్తిలో పరిమాణం పెంచడమే లేదు కదా. పదచిత్రం గారి పాము-లారీల వాక్యానికి గోరంత-కొండంత ఎలా వర్తిస్తుంది?

కొత్తకలం:
అర్థాంతరన్యాసం, దృష్టాంతం కూడా కలిసిపోతున్నాయి. రెండింటిలోనూ రెండు వాక్యాలు పక్కపక్కనే ఉంటాయి, 'వలె' ఉండదు.

అన్వయం:
రెండు వాక్యాల మధ్య ఒక మాట పెట్టి చదవండి. 'ఎందుకంటే' అతికితే అర్థాంతరన్యాసం, 'అలాగే' అతికితే దృష్టాంతం.

'హనుమంతుడు సముద్రాన్ని దాటాడు. మహాత్ములకు సాధ్యం కానిది లేదు కదా!' ఇక్కడ 'ఎందుకంటే' చక్కగా కూర్చుంటుంది. మొదటిది విశేషం (ఒక వ్యక్తి, ఒక పని), రెండోది సామాన్యం (అందరికీ వర్తించే సూత్రం). సామాన్యం విశేషాన్ని సమర్థించింది. వరుస తిరగబడి సూత్రం ముందు వచ్చి, ఉదాహరణ తరువాత వచ్చినా అలంకారం అదే.

'రాజా, నీవే కీర్తిమంతుడవు. చంద్రుడే కాంతిమంతుడు.' ఇక్కడ 'ఎందుకంటే' పెడితే అర్థం లేదు, 'అలాగే' సరిపోతుంది. రెండూ విశేషాలే. కీర్తి, కాంతి వేరు ధర్మాలు, కానీ ఒకటి బింబం, ఇంకొకటి ప్రతిబింబం.

'కదా!' చూసి అర్థాంతరన్యాసం అనేయడం మళ్లీ గుర్తుపదాన్ని నమ్మడమే. 'నిన్న నువ్వు వచ్చావు కదా!' అన్నదానిలో ఏ న్యాసమూ లేదు.

ఛందోగామి:
ప్రతివస్తూపమ కూడా వీటి పక్కిల్లే. ఒకే ధర్మాన్ని రెండు వాక్యాల్లో వేర్వేరు మాటలతో చెబితే అది. 'సూర్యుడు వేడితో ప్రకాశిస్తాడు, వీరుడు విల్లుతో రాణిస్తాడు.' ప్రకాశించడం, రాణించడం ఒక్కటే. దృష్టాంతంలో ధర్మాలు వేరు, ఇక్కడ మాటలే వేరు.

పదచిత్రం:
ఇంతవరకూ అర్థాలంకారాలే నడిచాయి. శబ్దాలంకారమా, అర్థాలంకారమా అని తేల్చడానికి పక్కా పరీక్ష ఉంది: మాట తీసి పర్యాయపదం పెట్టండి. అలంకారం పోతే శబ్దానిది, నిలిస్తే అర్థానిది. మమ్మటుడు కావ్యప్రకాశంలో అన్వయ వ్యతిరేకాలతో (అది ఉంటే ఇది ఉంటుంది, అది పోతే ఇది పోతుంది అన్న తర్కంతో) తేల్చింది ఇదే.

'మబ్బు ఏనుగులా కదులుతోంది'లో ఏనుగు బదులు కరి, గజం ఏది పెట్టినా ఉపమ నిలుస్తుంది. 'కలవరం అనుకున్నది కల వరమైంది'లో కలవరం బదులు ఆందోళన పెట్టండి, యమకం మాయం.

అక్షరాలు తిరిగి వచ్చే నాలుగింటినీ ఇలా విడదీయండి. ఒకే హల్లు చాలాసార్లు వస్తే వృత్త్యనుప్రాస: 'చిరుజల్లుకు చిగురాకులు చిన్నగా చలించాయి.' హల్లుల జంట వెంటనే, వేరే అర్థంతో తిరిగి వస్తే ఛేకానుప్రాస: 'అనుమానం మానం తీసింది.' అక్షర సముదాయం మొత్తం వేరే అర్థంతో మళ్లీ వస్తే, పక్కనే కాకపోయినా, యమకం. మాటా అదే, అర్థమూ అదే, తాత్పర్యం మాత్రం మారితే లాటానుప్రాస: 'నిజం చెప్పే నోరే నోరు.' రెండో నోరు అంటే సార్థకమైన నోరు. అర్థం మారిందా, మారలేదా, తాత్పర్యం మారిందా అన్న ప్రశ్నలతో యమకం, లాట ఎప్పుడూ కలవవు.

ప్రాచీనతలో కూడా యమకానికి గొప్ప చోటుంది. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం.

నిఘంటుప్రియ:
శ్లేషకు కూడా అదే పరీక్ష పెట్టండి. 'రాజు తన కరాలతో లోకాన్ని సేదదీర్చాడు.' రాజు అంటే ప్రభువు, చంద్రుడు. కరం అంటే చేయి, కిరణం. 'కరాలతో' తీసి 'చేతులతో' అంటే చంద్రుడు వెళ్లిపోతాడు. 'మానవ జీవనం'లో 'మా నవ జీవనం' కూడా వినిపిస్తే పదాన్ని విరవాల్సి వచ్చింది కాబట్టి సభంగ శ్లేష. కరం వంటిది విరవకుండానే రెండర్థాలిస్తుంది, అభంగ శ్లేష. శ్లేష రాసేటప్పుడు రెండు అర్థాలూ వాక్యం చివరిదాకా నడవాలి. ఒకటి మధ్యలో ఆగిపోతే పాఠకుడికి అది శ్లేషగా కాక అచ్చుతప్పుగా కనిపిస్తుంది.

కొత్తకలం:
'ఊరంతా కదిలింది', 'అతను కుర్చీ వదలడు' లాంటివి ఏ అలంకారం? పోలిక లేదు, శబ్దమూ తిరిగి రాలేదు.

అన్వయం:
మంచి ప్రశ్న. ఇది అలంకారాల పట్టికలో దొరకదు, దాని పునాదిలో ఉంది. మాటకు మూడు శక్తులు చెబుతారు: అభిధ, లక్షణ, వ్యంజన. నిఘంటువు ఇచ్చే అర్థం అభిధ. అది అడ్డం తిరిగినప్పుడు పక్క అర్థానికి వెళ్లడం లక్షణ. రెండూ పనిచేశాక మిగిలి మోగే అర్థం వ్యంజన.

లక్షణకు మూడు షరతులు. ఒకటి, ముఖ్యార్థానికి బాధ కలగాలి. ఊరు కదలలేదు, ఇళ్లూ వీధులూ నడవవు. రెండు, కొత్త అర్థానికి పాతదానితో సంబంధం ఉండాలి. ఊరికీ అందులో ఉండేవాళ్లకూ ఉన్నది ఆధార ఆధేయ సంబంధం. మూడు, రూఢి (వాడుకలో స్థిరపడిపోవడం) అయినా ఉండాలి, ప్రయోజనమైనా ఉండాలి. 'ఊళ్లోవాళ్లు చాలామంది వచ్చారు' అనకుండా 'ఊరంతా కదిలింది' అంటే ఒక్కరూ మిగల్లేదన్న భావం వస్తోంది, అదీ ప్రయోజనం.

సంబంధం పోలికైతే గౌణి అంటారు, రూపకం మొలిచేది అక్కడే. పోలిక కాక మరో సంబంధమైతే శుద్ధ. కుర్చీ అంటే పదవి, కలం అంటే రచన, చెమట అంటే శ్రమ, ఇవన్నీ శుద్ధ. మెటాఫర్, మెటానిమీ అని ఆధునిక విమర్శలో వినే జంట దాదాపు ఈ గీత దగ్గరే విడిపోతుంది.

వాక్యవైద్యుడు:
రూఢి గురించి అన్వయం గారు చెప్పింది రాసేవాళ్లకు కీలకం. కుర్చీ కాళ్లు, రంపం పళ్లు, సీసా మెడ, కుండ మూతి, ఇవన్నీ ఒకప్పటి రూపకాలు. ఇప్పుడు పోలిక ఎవరి మనసులోనూ మెదలదు. వాటిలో అలంకారం వెతకకండి. అయితే నిద్రపోతున్న రూపకాన్ని లేపవచ్చు: 'కుర్చీ ఒక కాలు ఎత్తి నిలబడింది, మెట్టు ఎక్కాలో వద్దో తేల్చుకోలేనట్లు.' వెంటనే కాలికి ప్రాణం వచ్చింది.

జాతీయాలను కూడా ఇలాగే చూడాలి. 'గుండె రాయి చేసుకుని' అనేది కూడా పాత రూపకమే, కానీ మొత్తంగా ఒక అర్థానికి స్థిరపడింది. 'గుండె బండ చేసుకుని' అని మార్చితే కొత్తదనం రాదు, పొరపాటుగా వినిపిస్తుంది. మార్చదలిస్తే మార్పు కావాలనే చేశారని తెలిసేంత దూరం వెళ్లాలి.

తేటగీతి:
వ్యంగ్యం కూడా ఈ గూటిదే. నష్టం చేసినవాడితో 'ఎంత మేలు చేశావు!' అంటే విపరీత లక్షణ, మాటకు సరిగ్గా ఎదురు అర్థం. దీన్ని వ్యాజస్తుతితో కలపకండి. 'నీవల్ల దొంగల బతుకు పాడైంది, ఇంట్లో దోచుకోవడానికి ఏమీ మిగల్చవు' అన్నది నిందలా వినిపించే స్తుతి. ఎదుటివాడి దానగుణాన్ని పొగుడుతోంది. విపరీత లక్షణలో ఒక్కో మాట తిరగబడుతుంది, వ్యాజస్తుతిలో మాటల అర్థం అలాగే ఉండి మొత్తం వాక్యం ఉద్దేశం తిరుగుతుంది.

కొత్తకలం:
అందరికీ కృతజ్ఞతలు. సాధన కోసం ఈ చిన్న పేరా రాశాను. పరీక్షలో అడిగినట్లు విశ్లేషించి చూపగలరా?

"ఎండ ఊరి మీద కూర్చుంది. వీధులు నోరు మూసుకున్నాయి. ఊపిరి బిగబట్టినట్లు చెట్లు కదలడం మానేశాయి. కష్టకాలంలో కదలకపోవడమే మేలు కదా!"

అన్వయం:
జవాబుకు మూడు భాగాలుండాలి: అలంకారం పేరు, లక్షణం, సమన్వయం. మార్కులు పోయేది ఎప్పుడూ సమన్వయంలోనే. లక్షణం కంఠస్థం చేసి రాసి, ఈ వాక్యంలో ఏది ఉపమేయం, ఏది ఉపమానం, ఏది విశేషం అని చూపకుండా వదిలేస్తారు.

మూడో వాక్యం తీసుకుందాం. చెట్లు ఊపిరి బిగబట్టడం కల్పన, కదలకపోవడం నిజం. గాలి లేకపోవడం అసలు కారణం, ఊపిరి బిగబట్టడం ఊహించిన కారణం. కాబట్టి హేతూత్ప్రేక్ష. నాలుగో వాక్యం మూడోదాన్ని సమర్థిస్తోంది. చెట్ల సంగతి విశేషం, కష్టకాలపు సూత్రం సామాన్యం, మధ్యలో 'ఎందుకంటే' అతుకుతుంది. అర్థాంతరన్యాసం.

పదచిత్రం:
మొదటిదానిలో ఎండ మనిషిలా ప్రవర్తించింది. ఇవాళ మానవీకరణ అంటాం. శాస్త్రంలో దగ్గరి పేరు సమాసోక్తి: ఎండను వర్ణిస్తుంటే, చెప్పని మరొకరు, బరువైన అధికారి లాంటి వ్యక్తి, లోపల స్ఫురిస్తాడు. 'ఎండ కాసింది' అంటే ఆ స్ఫురణ లేదు, అది ఎండ సహజంగా చేసే పనే. క్రియ ఆ వస్తువుకు సహజమైనదా కాదా అన్నదే ఇక్కడి పరీక్ష.

ఛందోగామి:
రెండో వాక్యమే కష్టం. వీధులు అంటే వీధుల్లోని మనుషులు అనుకుంటే శుద్ధ లక్షణ, 'నోరు మూసుకోవడం' జాతీయం. వీధులనే మనుషులుగా చూస్తే ముందు వాక్యంలాగే సమాసోక్తి.

నిఘంటుప్రియ:
దీనికి కూడా శాస్త్రంలో చోటుంది. ఒకే చోట పలు అలంకారాలు కలిసి, నువ్వులూ బియ్యంలా విడివిడిగా కనిపిస్తే సంసృష్టి. నీళ్లూ పాలలా కలిసిపోతే సంకరం. సంకరంలో ఒక రకం సందేహ సంకరం: ఇదా, అదా అని తేల్చడానికి వాక్యంలో ఏ ఆధారమూ లేనిది. 'వీధులు నోరు మూసుకున్నాయి' దగ్గర నేను ఒక పేరు బలవంతంగా ఎంచను. రెండు అన్వయాలూ రాసి, ఒక్కోదానికి ఆధారం ఏమిటో చూపుతాను. ముందు వాక్యంలో ఎండ కూర్చుంది కాబట్టి నా మొగ్గు సమాసోక్తి వైపు. పేరా తరువాతి వాక్యాల్లో మనుషులు కనిపించి ఉంటే లక్షణ వైపు మొగ్గేవాణ్ని.